మాస్టారు వేయని లెక్క

రాజమహేంద్రవరంలో లాలాచెరువు దాటి, జాతీయ రహదారి నుండి లోపలికి కొంత దూరం పోతే, అయిదంతస్తుల అసంపూర్తి కట్టడమొకటి కొన్నేళ్లపాటు కనిపించేది. గోడలు మూడవ అంతస్తు వరకే లేచాయి. ఆపైన స్తంభాలు, శ్లాబులు తప్ప మరేమీ లేవు. కొనకొమ్మున తుప్పుపట్టిన ఇనుప ఊచలు ఆకాశంలోకి చొచ్చుకొని నిలబడి ఉండేవి. ముందున్న కంచెకు ఒక రేకు పలక కట్టి ఉండేది. దానిమీద నగరపాలక సంస్థ ఇచ్చిన అనుమతి సంఖ్య, తేదీ, అంతస్తుల వివరం రాసి ఉండేవి. ఎండకు, వానకు భవనం బొమ్మ వెలిసిపోయినా ఆ అంకెలు మాత్రం చెరగలేదు.

ప్రతి సాయంకాలం ఒక వృద్ధుడు ఆ పలక ముందు కాసేపు నిలబడి వెళ్లేవారు. ఆయన ముప్పైనాలుగేళ్లు ఉన్నత పాఠశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేసినవారు. ఆ చుట్టుపక్కల అందరికీ ఆయన మాస్టారే. మూడవ అంతస్తులో తూర్పుముఖంగా ఉన్న ఫ్లాటు ఆయనది. అది తనదని చెప్పడానికి రిజిస్టరు దస్తావేజు ఉన్నది. లోపలికి వెళ్లడానికి తలుపు లేదు.

"అనుమతి ఉన్నది కదా, మాస్టారూ! మరి ఎందుకు ఆగిపోయింది?" అని దారినపోయే వారు అడిగేవారు. అనుమతి లేక ఆగిన ఇంటి సంగతి ఎవరికైనా అర్థమవుతుంది. అన్ని ముద్రలూ పడిన ఇల్లు ఎందుకు ఆగుతుందో మాస్టారుకు కూడా మొదట బోధపడలేదు. దానికి జవాబు దొరకడానికి ఆయనకు దాదాపు నాలుగేళ్లు పట్టింది.

రాజమహేంద్రవరం పెద్ద నగరమేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నవారు సుమారు 3.4 లక్షల మంది. 1994లో నగరపాలక సంస్థ ఏర్పడింది. 2015 గోదావరి పుష్కరాలకు రోడ్లు, స్నానఘట్టాలు బాగుపడ్డాయి. ఆ ఏడాదే ఊరికి పాత పేరు తిరిగి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తూర్పు గోదావరి జిల్లాకు ఇదే కేంద్రమయింది. కోనసీమలోనూ, మెట్ట ప్రాంతంలోనూ ఉద్యోగాలు చేసి విరమించినవారు ఆసుపత్రికి, రైలుకు దగ్గరగా ఉంటుందని ఇక్కడికి చేరుతుంటారు. పెరుగుతున్న ఊరిలో ఆశ ముందు పెరుగుతుంది. ఇళ్లు తరువాత వస్తాయి.

మాస్టారు కూడా అలా చేరినవారే. 2016లో ఆయన పాత శిష్యుడొకడు ఇంటికి వచ్చాడు. పదవ తరగతిలో లెక్కలలో మొదటి మార్కులు తెచ్చుకున్న కుర్రవాడు. ఇప్పుడు బిల్డరు. అప్పటికి రెండు చిన్న భవనాలు కట్టి, చెప్పిన గడువుకు ఇచ్చాడు కూడా.

"మాస్టారూ, మీరు నేర్పిన లెక్కలతోనే బతుకుతున్నాను. మీ వంటి పెద్దలు ఒక ఫ్లాటు తీసుకుంటే నాకు గౌరవం. అనుమతి వచ్చేసింది, చూడండి," అంటూ ముద్రలు పడిన ప్లాను బల్లమీద పరిచాడు.

"ఏమండీ, ఒకసారి ఆ కాగితాలు ఎవరైనా ప్లీడరుగారికి చూపించరాదూ?" అన్నది ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి.

"మన దగ్గర చదువుకున్నవాడు. పైగా కార్పొరేషను వాళ్లు చూడకుండా ముద్ర వేస్తారా?" అన్నారు మాస్టారు.

ఆ మాటలోనే పొరపాటు ఉన్నది. కాని అది ఆయన ఒక్కరి పొరపాటు కాదు. ఇల్లు కొనేవారిలో అత్యధికులు అనుమతి పత్రాన్ని హామీ పత్రంగా చదువుకుంటారు. నగరపాలక సంస్థ చూసేది వేరు. స్థలం కొలతలు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ విడువవలసిన ఖాళీ, ఎత్తు, వాహనాలకు చోటు, మంటలార్పే ఏర్పాటు, ఇవి నిబంధనలకు సరిపోతున్నాయా అని చూస్తుంది. కట్టడానికి డబ్బు ఎక్కడినుండి వస్తుందని అడగదు. స్థలంమీద హక్కుదారులందరూ సంతకం చేశారా అని లోతుగా విచారించదు. అనుమతి ఇచ్చినంత మాత్రాన స్థలంమీద హక్కు స్థిరపడినట్లు కాదు. ఆ కాగితం కట్టవచ్చునని చెబుతుంది. కట్టి తీరుతారని చెప్పదు.

స్థలం బిల్డరుది కాదు. అది ఒక పెద్ద కుటుంబానిది. చిన్న నగరాలలో ఎక్కువ భవనాలు ఈ పద్ధతిలోనే లేస్తాయి. స్థలం కొనడానికి బిల్డర్లకు బ్యాంకులు అప్పు ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు చాలాకాలంగా కట్టడి చేసింది. అందుచేత బిల్డరు స్థలం కొనడు. యజమానితో డెవలప్‌మెంటు అగ్రిమెంటు రాసుకుంటాడు. యజమాని స్థలం ఇస్తాడు, బిల్డరు తన ఖర్చుతో కడతాడు, తయారైన ఫ్లాట్లను ఇద్దరూ పంచుకుంటారు. ఇక్కడ పంపకం సగం సగం. మొత్తం 24 ఫ్లాట్లలో యజమాని కుటుంబానికి 12, బిల్డరుకు 12.

వినడానికి ఎంతో న్యాయంగా ఉన్న ఈ ఏర్పాటులో ఉన్న చిక్కును మాస్టారు 2021లో, ఒక పాత ప్రశ్నపత్రం వెనుక లెక్కవేసి చూసుకున్నారు. శిష్యుడు తన పుస్తకాలన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టిన రోజది.

ఒక్కొక్క ఫ్లాటు 1,200 చదరపు అడుగులు. 24 ఫ్లాట్లకు 28,800 చదరపు అడుగులు. 2016 ధరలలో చదరపు అడుగు కట్టడానికి 1,500 రూపాయల చొప్పున మొత్తం ఖర్చు 4 కోట్ల 32 లక్షలు. అయితే బిల్డరు అమ్ముకోగలిగినవి 12 మాత్రమే. 24 ఇళ్ల ఖర్చు 12 ఇళ్ల అమ్మకంలో నుండి రావాలి. చదరపు అడుగు 3,300 చొప్పున అమ్మితే ఫ్లాటుకు 39 లక్షల 60 వేలు, పన్నెండింటికి 4 కోట్ల 75 లక్షల 20 వేలు. మిగిలేది 43 లక్షల 20 వేలు. వడ్డీ, కమీషన్లు, యజమానికి ముందే ఇచ్చిన గుడ్‌విల్ అన్నీ అందులోనే సర్దుకోవాలి.

మాస్టారు పెన్సిలు మళ్లీ అందుకున్నారు. ఖర్చు చదరపు అడుగుకు 150 రూపాయలు పెరిగితే? పెరుగుదల పదింట ఒక వంతే. కాని అది 28,800 అడుగులమీద పడుతుంది. 43 లక్షల 20 వేలు. అంటే లాభమంతా పోయింది. మూడు వందలు పెరిగితే, అంతే మొత్తం నష్టం. 2021 నాటికి నిజంగా పెరిగినది మూడు వందలు.

"పెరిగినంత ధర పెంచి అమ్మరాదా?" అని ఎవరైనా అడగవచ్చు. పన్నెండింటిలో ఎనిమిది ఫ్లాట్లను బిల్డరు మొదట్లోనే నిర్ణీత ధరకు అమ్మేశాడు. పునాదికి డబ్బు వాటినుండే వచ్చింది. మిగిలినవి నాలుగు. పెరిగిన 86 లక్షల 40 వేలూ ఆ నాలుగింటిమీదనే వేయాలంటే ఒక్కొక్కదానికి 21 లక్షల 60 వేలు అదనం. ఆ ధరకు రాజమహేంద్రవరంలో ఎవరు కొంటారు? పక్కనే యజమాని కుటుంబం తమ వాటా ఫ్లాట్లను తక్కువకే అమ్మజూపుతున్నది. వారికి కట్టుబడి ఖర్చు లేదు గనుక ఏ ధరకిచ్చినా గిట్టుతుంది. హైదరాబాదులో అయితే నెలకు వందలమంది చూసి పోతారు. చిన్న నగరంలో ఒక భవనాన్ని అడిగి వచ్చేవారు వేళ్లమీద లెక్కపెట్టదగినంతమందే.

చిక్కు అంతటితో ఆగలేదు. కట్టడం ప్లానుకు భిన్నంగా పోకుండా, ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి ఇచ్చేటప్పుడు మొత్తం నిర్మాణంలో పదవ వంతు వైశాల్యాన్ని నగరపాలక సంస్థకు తనఖా పెట్టవలసి ఉండేది. పని పూర్తయి నివాసయోగ్యతా పత్రం వచ్చాక దానిని విడిపించేవారు. కొనేవారి మేలుకోసం పెట్టిన నిబంధన ఇది. ఈ భవనంలో అలా తనఖాలో ఉన్నవి మూడు ఫ్లాట్లు. ఆ మూడూ అమ్ముడుపోని నాలుగింటిలోనివే. అంటే పని ముగించడానికి బిల్డరు చేతిలో అమ్మదగిన ఫ్లాటు ఒక్కటే మిగిలింది. మూడు ఫ్లాట్లు విడిపించాలంటే పని ముగియాలి. పని ముగియాలంటే అవి అమ్ముడుపోవాలి.

మాస్టారు పెన్సిలు కింద పెట్టారు. ఈ లెక్కలో ఎనిమిదవ తరగతి విద్యార్థికి రానిదేమీ లేదు. గుణకారం, భాగహారం. అయిదేళ్ల క్రితం ఇదే బల్లమీద ప్లాను పరిచినప్పుడు ఈ లెక్క ఆయన ఎందుకు వేయలేదు?

ఖర్చు ఎందుకు పెరిగినదంటే అదొక పెద్ద కథ. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. కొన్ని నెలలపాటు కొనేవారు ముఖం చాటేశారు. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చింది. కడుతున్న ఫ్లాటుమీద 12 శాతం పన్ను, నివాసయోగ్యతా పత్రం వచ్చిన ఫ్లాటుమీద పన్ను లేదు. 2019 ఏప్రిల్ నుండి దానిని 5 శాతానికి తగ్గించినా, తయారైన ఇల్లే కొందామనే వారు ఎక్కువయ్యారు. వారి ఆలోచన తెలివైనదే. కాని కొనేవారి వాయిదాల మీదనే లేచే భవనానికి అది ఆకలి మంట.

2018 చివరికి అయిదు శ్లాబులూ పడ్డాయి. గోడలు మూడవ అంతస్తుకు చేరాయి. అప్పుడు ఇసుక వంతు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 మార్చిలో మొదలైన ఉచిత ఇసుక విధానం 2019లో రద్దయింది. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ద్వారా టన్ను 375 రూపాయలకు అమ్మే కొత్త విధానం సెప్టెంబరు 5న అమలులోకి వచ్చింది. ఈ రెంటి నడుమ ఎడం పడింది. అదే సమయంలో గోదావరికి వరదలు వచ్చి ఇసుక తీయడానికి వీలు లేకపోయింది. రాష్ట్రమంతటా నిర్మాణాలు స్తంభించాయి, కూలీలు పనులు లేక అల్లాడారు. గోదావరి గట్టున పుట్టిన ఊరిలో ఇసుక లేక ఇళ్లు ఆగిపోవడం మాస్టారు అంతకుముందు చూడలేదు. వంతెన మీదినుండి చూస్తే నది ఉన్నది, దాని అడుగున ఇసుక ఉన్నది. కావలసిన చోటికి, కావలసిన రోజుకు ఒక లారీ ఇసుక మాత్రం లేదు.

ఇసుక దొరకడం మొదలైన కొద్ది నెలలకే, 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. ఒడిశా నుండి వచ్చిన సెంట్రింగు పనివారు రైళ్లు, బస్సులు దొరికినప్పుడు స్వగ్రామాలకు వెళ్లిపోయారు. నిర్మాణాల గడువును కేంద్ర ప్రభుత్వం ఆరు నెలలు పొడిగించమన్నది. గడువు పొడిగింది. బ్యాంకు వడ్డీ ఆగలేదు. మాస్టారు కుమారుడు హైదరాబాదులో చిన్న ఉద్యోగి. అప్పు అతని పేరుమీద ఉన్నది. ఒకచోట తండ్రి ఉండే ఇంటికి అద్దె, మరొకచోట లేని ఇంటికి వడ్డీ, రెండూ ఆ జీతంలో నుండే పోయేవి.

ఆ ఏడాది చివర అసలైన పిడుగు పడింది. స్థల యజమాని 2019లో మరణించాడు. అగ్రిమెంటు మీద సంతకం చేసినవారు ఆయన, ఇద్దరు కొడుకులు. ఆయనకు ఒక కుమార్తె కూడా ఉన్నదని, 1983లో వివాహమై వేరే ఊరిలో ఉంటున్నదని బిల్డరుకు తెలుసు. ఆమె సంతకం కావాలని ఎవరూ అనుకోలేదు. స్థలం తాతల నాటిది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు హక్కు కల్పిస్తూ దేశంలో ముందుగా చట్టం తెచ్చిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలయింది. అయితే అప్పటికే వివాహమైనవారికి అది వర్తించలేదు. అందువలన అన్నదమ్ములు నిశ్చింతగా ఉన్నారు. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, వివాహమైనా కాకపోయినా కుమార్తెకు కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చిన సంగతిని ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. కుమార్తె పుట్టుకతోనే సహవారసురాలని, 2005 నాటికి తండ్రి జీవించి ఉండవలసిన పని లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ వార్త పత్రికలలో చదివిన తరువాతనే ఆమె న్యాయవాదిని కలిసింది.

దావా పడగానే బ్యాంకు తరువాతి వాయిదా విడుదల చేయడం మానివేసింది. మొదట్లో కొనుగోలుదారులు ఆమెను తిట్టుకున్నారు. మాస్టారు తిట్టలేదు. "ఆమె మన ఇల్లు ఆపలేదు. ఆమె సంతకం లేకుండా మొదలుపెట్టినవారే ఆపారు," అన్నారు. కొనేముందు ఆయన తీయించిన ఇ.సి. నిష్కళంకంగానే ఉన్నది. ఇ.సి.లో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. ఒక కుటుంబంలో ఎంతమంది పిల్లలు పుట్టారో అది చెప్పదు.

అయినా ఒక విషయం మాస్టారును వేధిస్తూనే ఉన్నది. 24 ఫ్లాట్ల భవనం గనుక అది రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. 2016 నాటి ఆ చట్టం 2017 మే 1 నుండి పూర్తిగా అమలులో ఉన్నది. 500 చదరపు మీటర్లకు మించని స్థలాలకు, ఎనిమిది ఫ్లాట్లకు మించని కట్టడాలకు మినహాయింపు. కొనేవారు ఇచ్చిన సొమ్ములో 70 శాతాన్ని బిల్డరు వేరే బ్యాంకు ఖాతాలో ఉంచి, ఆ స్థలానికి, ఆ నిర్మాణానికే వాడాలి. ఈ భవనం నమోదైంది, ఖాతా కూడా ఉన్నది. మరి సొమ్ము ఏమైనట్లు?

శిష్యుడు చాలాసేపు తల దించుకొని కూర్చున్నాడు. "ఖాతాలో వేసిన ప్రతి రూపాయీ ఇక్కడే పెట్టాను, మాస్టారూ. కాని మీరందరూ ఇచ్చిన నగదు ఖాతాలోకి ఎలా పోతుంది? దానిని దివాన్‌చెరువు దగ్గర ఇంకో స్థలానికి అడ్వాన్సుగా ఇచ్చాను. ఇక్కడి ఫ్లాట్లు అమ్ముడయ్యేసరికి అక్కడ మొదలుపెట్టవచ్చుననుకున్నాను. గడువు దాటింది. ఆ అడ్వాన్సు మునిగిపోయింది."

ఎంత అని మాస్టారు అడగలేదు. ఆయనకు తెలుసు. ఎనిమిదిమందీ తలా అయిదు లక్షలు నోట్ల రూపంలో ఇచ్చారు. 40 లక్షలు. రిజిస్ట్రేషను ఖర్చు తగ్గుతుందని బిల్డరు చెప్పాడు, అందరూ సరేనన్నారు. పల్లెలో ఇల్లు అమ్మినప్పుడు మాస్టారుకు కూడా కొంత నగదుగానే వచ్చింది, దానిని అలాగే ఇచ్చివేశారు. స్థిరాస్తి క్రయవిక్రయాలలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015లోనే నిషేధించింది. రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో పదవ వంతుకు మించి అడ్వాన్సు తీసుకోరాదని కొత్త చట్టం చెప్పింది. ఈ రెంటినీ అతిక్రమించినవాడు శిష్యుడు. అతిక్రమించడానికి చేయి అందించినవారు గురువు. కొనుగోలుదారుకు రక్షణగా నిలిచిన చట్టం చెక్కు రూపంలో పోయిన డబ్బును చూడగలదు. నోటు రూపంలో పోయినదానికి ఆనవాలు లేదు.

ఆ రాత్రి ఆయన భార్యతో ఈ మాట చెప్పారు. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "పోనీయండి. ఇప్పుడు ఏం చేయాలో చూడండి," అన్నది.

చేయదగినవి రెండు ఉన్నాయి. నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేస్తే చెల్లించిన సొమ్ము వడ్డీతో సహా తిరిగి ఇమ్మని ఉత్తర్వు రావచ్చు. బిల్డరు చెల్లించకపోతే దానిని భూమిశిస్తు బకాయివలె వసూలు చేయవచ్చు. చట్టంలో అంతటి బలం ఉన్నది. కాని బిల్డరుకు మిగిలినవి ఒక సొంత ఇల్లు, తనఖాలో ఉన్న మూడు ఫ్లాట్లు, అమ్ముడుపోని ఒక ఫ్లాటు. ఎనిమిదిమంది ఒకేసారి వాపసు అడిగితే ఎవరికీ పూర్తిగా రాదు, ఇల్లూ లేవదు. రెండవ మార్గం అందరూ కలిసి పూర్తి చేసుకోవడం. బిల్డరు చేతులెత్తేసిన చోట మిగిలిన పని చేపట్టడానికి కొనుగోలుదారుల సంఘానికే మొదటి అవకాశం ఇవ్వాలని ఆ చట్టమే చెబుతున్నది.

మాస్టారు మళ్లీ లెక్క వేశారు. ధరల వలన నష్టం 43 లక్షల 20 వేలు, తరలిపోయిన నగదు 40 లక్షలు. మొత్తం 83 లక్షల 20 వేలు. ఎనిమిదిమంది మాత్రమే భరించాలంటే తలా 10 లక్షల 40 వేలు. 24 ఫ్లాట్లవారూ పంచుకుంటే మూడున్నర లక్షలకు కొంచెం తక్కువ. "మీ వాటా ఫ్లాట్లు కూడా ఈ ఆగిపోయిన భవనంలోనే ఉన్నాయి," అని ఆయన యజమాని కుటుంబానికి చెప్పారు. అన్నదమ్ములు మొదట ఒప్పుకోలేదు. దావా వేసిన అక్కగారే ముందుగా ఒప్పుకున్నది. ఆమెకు తన న్యాయమైన వాటా రాసి ఇస్తే చాలునన్నది. 2022 చివర లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. పన్నెండింటిలో నాలుగు ఫ్లాట్లు ఆమెకు వచ్చాయి. అక్కడి నిర్ణయంపై అప్పీలు లేదు గనుక బ్యాంకుకు కూడా నమ్మకం కుదిరింది. బిల్డరు తన నాలుగు ఫ్లాట్లలో ఇరుక్కున్న సొమ్ముకు బదులుగా సొంత ఇల్లు అమ్మి తెచ్చాడు. ఈసారి ప్రతి రూపాయీ ఖాతా ద్వారానే కదిలింది. రెండు సంతకాలలో ఒకటి మాస్టారుది.

ఆగిన ఇళ్ల సంగతి ఒక్క ఊరిది కాదు. అమితాబ్ కాంత్ అధ్యక్షతన కేంద్రం నియమించిన సంఘం 2023లో ఇచ్చిన నివేదికలో, దేశంలో 4.12 లక్షల ఇళ్లు ఇలా చిక్కుకొని ఉన్నాయని, వాటి విలువ 4.08 లక్షల కోట్ల రూపాయలని బ్యాంకుల సంఘం అంచనాను ఉదహరించింది. అందులో సగానికి పైగా ఢిల్లీ చుట్టుపక్కలవే. ఇటువంటివాటి కోసం 2019 నవంబరులో కేంద్రం 25,000 కోట్ల నిధిని ప్రకటించింది. 2025 బడ్జెటులో మరొక 15,000 కోట్ల నిధి ప్రకటన వచ్చింది. వేలాది కుటుంబాలకు వాటివలన మేలు జరిగిన మాట నిజం. అయితే ఇరవైనాలుగు ఫ్లాట్ల భవనానికి అంత పెద్ద నిధి చేయి చాచడం అరుదు. నోయిడాలో ఆగిన గోపురాలు పత్రికల మొదటి పేజీ కెక్కుతాయి. రాజమహేంద్రవరంలో ఆగిన అయిదంతస్తులు పక్కవీధి వారికి తప్ప తెలియవు. చిన్న నగరాలలో ఒక భవనం ఒక మనిషి పరపతిమీద నిలబడి ఉంటుంది. ఆ మనిషి తడబడితే అనుమతి పత్రం దానిని పట్టి నిలపలేదు.

2024 శ్రావణమాసంలో మాస్టారు గృహప్రవేశం చేసుకున్నారు. లిఫ్టు అప్పటికి ఇంకా రాలేదు. దంపతులిద్దరూ మెట్లమీద రెండుచోట్ల ఆగి మూడవ అంతస్తుకు చేరారు. శిష్యుడు వచ్చి వెనుక వరుసలో నిలబడ్డాడు. ఇప్పుడతడు అద్దె ఇంట్లో ఉంటున్నాడు. మాస్టారు అతన్ని ముందుకు పిలిచి తాంబూలం ఇచ్చారు. "మీరు నన్ను పోలీసులకు అప్పగించవలసింది, మాస్టారూ," అన్నాడతడు మెల్లగా. "అప్పుడు నేను కూడా నీ వెనుకే రావలసి వచ్చేది," అన్నారాయన.

ఇప్పుడు ఆ ప్రాంతంలో ఫ్లాటు కొనదలచినవారు కొందరు ఆయనను సలహా అడుగుతుంటారు. వారు ముందుగా చూపించేది అనుమతి పత్రమే. ఆయన దానిని తీసుకొని, చదివి, మడిచి తిరిగి ఇచ్చి, కొన్ని ప్రశ్నలు వేస్తారు. బిల్డరు వాటా ఎన్ని ఫ్లాట్లు, వాటిలో ఎన్ని అమ్ముడుపోయాయి, తనఖాలో ఉన్నవి ఏవి? స్థల యజమాని కుటుంబంలో ఆడపిల్లలతో సహా అందరూ సంతకం చేశారా? నియంత్రణ సంస్థలో నమోదు సంఖ్య ఉన్నదా, మూడు నెలలకొకసారి అక్కడ పెట్టవలసిన ప్రగతి వివరాలు పెడుతున్నారా? ఈ భవనం ముగియకుండా బిల్డరు మరొకటి మొదలుపెట్టాడా? చివరగా ఒక ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం ఆయన గొంతు కొంచెం తగ్గుతుంది.

"నగదు ఏమైనా అడిగాడా, బాబూ?"

చాలామంది ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పరు. మాస్టారు కూడా తొందరపెట్టరు. లెక్క వేసుకోవడానికి పిల్లవాడికి కొంత సమయం ఇవ్వాలని ఆయనకు తెలుసు.